పాతది 3 గిగాహెర్ట్జ్, కొత్తది 1.1: కంప్యూటర్లు వెనక్కి నడిచాయా?

ప్రశ్న: మాది తెనాలి. ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు మా పని. 2004లో అసెంబుల్ చేయించిన పెంటియమ్ 4 (3 గిగాహెర్ట్జ్, 1 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ) మీదే ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నెట్టుకొస్తున్నాను. ఆన్‌లైన్ పనుల కోసం కిందటేడు కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, విండోస్ 11. పెట్టె మీద చూస్తే 1.1 గిగాహెర్ట్జ్ అని ఉంది. పాతదాంట్లో పేజ్‌మేకర్ చిటికెలో తెరుచుకుంటుంది. కొత్తదాంట్లో బ్రౌజర్ నొక్కి టీ తాగి రావచ్చు. ఇరవై ఏళ్లలో కంప్యూటర్లు వెనక్కి నడిచాయా, లేక షాపువాళ్లు నన్ను మోసం చేశారా? ఇంకో సంగతి. మా అమ్మాయికి బీటెక్ సీఎస్ఈలో సీటు వచ్చింది. మా తోడల్లుడు తన 2014 నాటి ఐ7 ల్యాప్‌టాప్ (4510యు) పన్నెండు వేలకు ఇస్తానంటున్నాడు. షాపులో కొత్త ఐ3 (1215యు) చూపిస్తున్నారు, దాని ధర దాదాపు మూడు రెట్లు. "ఐ7 ముందు ఐ3 ఎంత బావా" అంటాడు మా తోడల్లుడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: నమస్కారమండీ. ముందు మీ అనుమానం తీరుస్తాను. షాపువాళ్లు మీకు దొంగ సరుకేమీ అంటగట్టలేదు. పెట్టె మీద రాసింది నిజమే. పాతదాంట్లో పేజ్‌మేకర్ చిటికెలో రావడమూ నిజమే, కొత్తది నత్తనడక నడవడమూ నిజమే. అయితే ఆ నత్తనడకకు కారణం 1.1 అన్న అంకె కాదు. అసలు కారణం ఇంకోటుంది. దానికంటే ముందు ఈ గిగాహెర్ట్జ్ గొడవ తేల్చేద్దాం. ఎందుకంటే 2006లో నేనూ ఈ అంకెనే నమ్మి తప్పు చేశాను. ఆ ఏడాది జులైలో ఇంటెల్ కోర్ 2 డ్యుయో వచ్చింది. నా బడ్జెట్‌లో దొరికేది 1.86 గిగాహెర్ట్జ్. పక్కనే 3 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ఉంది. పెద్ద అంకె కదా అని పెంటియమ్ 4 తెచ్చుకున్నాను. నెల తిరక్కుండానే స్నేహితుడి ఇంట్లో 1.86ది నా మెషిన్ కన్నా చురుగ్గా పని చేయడం కళ్లారా చూశాను. అప్పట్లో అది నాకు పెద్ద మొత్తం. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది.

మీ పనితోనే చెబుతాను. ఒక పెద్ద ప్రెస్సులో శుభలేఖల పనిని బల్లల వారీగా పంచారనుకోండి. ఒకరు మ్యాటర్ కొడతారు, ఒకరు ప్రూఫ్ చూస్తారు, ఒకరు ప్రింట్ తీస్తారు, ఒకరు మడత పెడతారు, ఒకరు కవర్లో పెడతారు. గంట కొట్టగానే ఎవరి బల్ల మీద పని వాళ్లు పక్క బల్లకు జరపాలి. గిగాహెర్ట్జ్ అంటే ఆ గంట సెకనుకు ఎన్నిసార్లు మోగుతుందన్న లెక్క. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల సార్లు. గంట ఇంకా వేగంగా కొట్టాలంటే ఏం చేయాలి? ఒక్కో బల్ల మీద పని తగ్గించి, బల్లల సంఖ్య పెంచాలి. పెంటియమ్ 4లో చేసింది అదే. 2000లో వచ్చినప్పుడు 20 బల్లలు. 2004లో ప్రెస్కాట్ అనే రకం వచ్చేసరికి 31. గంట గణగణా మోగుతూనే ఉంటుంది గానీ, ఒక్కో గంటకు జరిగే పని చాలా చిన్నది.

దాంట్లో ఇంకో చిక్కు ఉంది. ప్రూఫ్ ఓకే అయ్యిందో లేదో తెలియకముందే, "అవుతుందిలే" అనుకుని ప్రింటుకి ఇచ్చేస్తాం చూడండి, ప్రాసెసర్ కూడా అలా ముందే ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ నిజమైతే బోలెడంత సమయం కలిసొస్తుంది. తప్పితే? పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పుపడిందని చివర్లో తేలితే అన్ని బల్లల మీదా ఉన్న కాగితాలు చించి పారేయాల్సిందే. బల్లలు ఎన్ని ఎక్కువుంటే అంత నష్టం. కోర్ 2 డ్యుయోలో బల్లలు 14కి తగ్గించారు, ఒక్కో బల్ల మీద ఎక్కువ పని జరిగేలా చూశారు, అలాంటి వరసలు రెండు పెట్టారు. అందుకే తక్కువ గంటలతోనే ఎక్కువ శుభలేఖలు బయటికి వచ్చాయి.

వేగం పెంచుకుంటూ పోదామన్నా వేడి ఒప్పుకోలేదు. పెంటియమ్ 4ను 4 గిగాహెర్ట్జ్‌కి చేరుస్తామని ప్రకటించిన ఇంటెల్, 2004లో ఆ ఆలోచనే మానుకుంది. 3.8 దగ్గర ఆగిపోయింది. మీ పెంటియమ్ 4 ప్రాసెసర్ ఒక్కటే నిండుగా పని చేస్తున్నప్పుడు 80 వాట్లకు పైనే వేడి కక్కుతుంది. ఎండాకాలం మీ షాపులో ఆ క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టి చూసే ఉంటారు. మీ కొత్త సెలెరాన్‌కు లెక్క 6 వాట్లు. కరెంటు పోయినప్పుడు పాతది యూపీఎస్ మీద ఎంతసేపు ఉంటుంది, కొత్తది బ్యాటరీ మీద ఎంతసేపు ఉంటుంది అన్నది మీకు నాకన్నా బాగా తెలుసు.

పెట్టె మీది 1.1 అనేది పైగా కనీస లెక్క. వేడి హద్దు దాటకుండా ఎంతసేపైనా నడవగల వేగం అది. పని పడగానే ఆ ప్రాసెసర్ కాసేపు 2.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఒక్క కోర్‌ను, అంటే ఒక్క బల్లల వరసను తీసుకుని పోల్చినా అది మీ పెంటియమ్ 4 కన్నా ముందే ఉంటుంది. పైగా దాంట్లో కోర్లు రెండు.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే కొలిచి చూడండి. 7-జిప్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది. అది ఎక్స్‌పీలోనూ నడుస్తుంది, విండోస్ 11లోనూ నడుస్తుంది. ఒకే వెర్షన్‌ను రెండింటిలోనూ వేయండి. పాతదానికి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు కొత్తదాంట్లో వైరస్ స్కాన్ చేయండి. టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ అని, అంటే వేగం కొలిచే పరీక్ష ఉంటుంది. రెండింటిలోనూ డిక్షనరీ సైజు ఒకటే ఉండేలా పెట్టి, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి నడపండి. మూడుసార్లు నడిపి మధ్య అంకె తీసుకోండి. కొత్తది ఎంత ముందుందో మీ కళ్ల ముందే కనబడుతుంది. ఇక్కడ మీరు ఒకే పనిని రెండు మెషిన్లకూ ఇచ్చారు కాబట్టి అది న్యాయమైన పోటీ. పాతదాంట్లో పేజ్‌మేకర్‌నూ కొత్తదాంట్లో బ్రౌజర్‌నూ పక్కపక్కన పెట్టి చూడటం, ఖాళీ సైకిల్‌నూ పది బస్తాలు ఎక్కించిన ఆటోనూ పందెం కట్టించడం లాంటిది.

ఆ పది బస్తాల సంగతే అసలు కారణం.

ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపు సరంజామా అందుబాటులో పెట్టుకునే చోటు. విండోస్ ఎక్స్‌పీ నడవాలంటే అది కనీసం 64 ఎంబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మీ దగ్గరున్నది 1 జీబీ. అంటే అవసరానికి 16 రెట్లు. ఇప్పుడు విండోస్ 11 కనీస అర్హతలు చూడండి: 1 గిగాహెర్ట్జ్ లేదా ఆపైన వేగం, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. మీ కొత్త ల్యాప్‌టాప్ పెట్టె మీద ఏం రాసుంది? 1.1 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు, 4 జీబీ, 64 జీబీ. ఆ పట్టికను ఎదురుగా పెట్టుకుని, పాస్ మార్కులు ఎన్నో చూసి, సరిగ్గా అన్నే తెచ్చుకునేలా తయారుచేసిన మెషిన్ అది. పాత కంప్యూటర్ తన కాలానికి మంచి దిట్టమైనది, కొత్తది తన కాలానికి అంచున నిలబడ్డది. రెండింటినీ తయారైన సంవత్సరం చూసి పోల్చడం వల్ల మీకీ టెన్షన్ అంతా.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1995లో విండోస్ 95కు కనీసంగా అడిగింది 4 ఎంబీ ర్యామ్. 2021లో విండోస్ 11కు 4 జీబీ. ఇరవై ఆరేళ్లలో వెయ్యి రెట్లు. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన నిక్లాస్ విర్త్ 1995లోనే ఈ సంగతి రాశాడు. హార్డ్‌వేర్ వేగం పెరిగే దానికన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతోందని ఆయన బాధ. ఆ బరువంతా వృథా అని నేననను. భద్రత, మంచి అక్షరాలు, వీడియోలు, ఎన్ని భాషలైనా చూపించగలగడం, వీటన్నిటికీ ఖర్చవుతుంది. మన తెలుగు సంగతే తీసుకోండి. అను ఫాంట్లలో మీరు టైప్ చేసే తలకట్టు, గుణింతం, ఒత్తు అన్నీ కంప్యూటర్ దృష్టిలో ఇంగ్లీషు అక్షరాల చోట కూర్చోబెట్టిన బొమ్మలు. దానికది తెలుగని తెలియదు. ఇప్పుడు ఫోన్లలో అందరూ వాడే యూనికోడ్ పద్ధతిలో "స్త్రీ" అని కొడితే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని విడివిడిగా దాచుకుని, తెరమీద చూపించేటప్పుడు ఏ ఒత్తు ఎక్కడ పడాలో లెక్క కట్టి కూర్చుతుంది. ఇది చాలా చిన్న పనే, మనకు తెలిసేంత ఆలస్యమేమీ కాదు. కానీ దానివల్లే ఈ ఉత్తరం ఫోన్లో వెతికితే దొరుకుతుంది, మీ పాత ఫైళ్లలోని మ్యాటర్ దొరకదు. అలాంటి బరువు మొయ్యడానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఒక చిన్న ప్రకటన చూపించడానికి బ్రౌజర్ వందల ఎంబీలు మింగడం మాత్రం నాకూ నచ్చదు.

పాతదాంట్లో అక్షరం నొక్కగానే తెరమీద పడుతోందని మీకనిపిస్తే అది భ్రమ కాదు. మీటకూ తెరకూ మధ్య ఎంతసేపు పడుతుందో ఒక ఇంజనీరు హైస్పీడ్ కెమెరా పెట్టి కొలిస్తే, 1983 నాటి యాపిల్ 2ఈ కంప్యూటర్‌కు 30 మిల్లీసెకన్లు వచ్చింది. ఇప్పటి మెషిన్లలో చాలావాటికి అంతకన్నా ఎక్కువే, కొన్నింటికి 100 మిల్లీసెకన్లు దాటింది. మధ్యలో ఎన్నో పొరలు చేరాయి మరి. లెక్కలు చేయడంలో వేగం వేరు, చేతికి వెంటనే బదులివ్వడంలో వేగం వేరు. ఇరవై ఏళ్లుగా రోజూ టైప్ చేసే చేతులకు ఆ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇంకో మాట. పొద్దున షాపు తెరవగానే మొదటిసారి పేజ్‌మేకర్ తెరిచినప్పుడు కాస్త ఆలస్యమై, మూసి మళ్లీ తెరిస్తే చిటికెలో వస్తుంది, గమనించారా? మొదటిసారి అది హార్డ్ డిస్కు నుంచి వస్తుంది. రెండోసారికి ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌లో చోటుంది కాబట్టి ఎక్స్‌పీ దాన్ని అక్కడే అట్టిపెట్టుకుంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ చోటు లేదు. విండోస్ 11, యాంటీవైరస్, నాలుగు ట్యాబులు తెరిచేసరికే 4 జీబీ నిండిపోతుంది. అప్పుడు ర్యామ్‌లో ఉన్నవాటిని స్టోరేజ్‌లోకి తోసి, కావాల్సినప్పుడు మళ్లీ లాక్కొస్తుంటుంది. ఆ 64 జీబీ స్టోరేజ్ చూస్తే ఈఎంఎంసీ రకం, అంటే చవక ఫోన్లలో వాడే చిప్పు లాంటిది. మామూలు ఎస్ఎస్‌డీకి (తిరిగే డిస్కు బదులు చిప్పులతో చేసిన స్టోరేజ్) ఉన్నంత చురుకు దానికి ఉండదు. మీరు టీకి వెళ్లిన సమయమంతా ఈ తోపులాటకే పోతోంది. ప్రాసెసర్ పాపం చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈసారి అది మొరాయించినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పైన సీపీయూ, మెమరీ, డిస్క్ అని శాతాలు కనిపిస్తాయి. మెమరీ 90 దాటి, డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే నేను చెప్పింది అక్షరాలా జరుగుతున్నట్టు. స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్లి మీకు అక్కర్లేనివన్నీ ఆపేయండి. యాంటీవైరస్ విండోస్‌తో వచ్చినదొక్కటే ఉంచండి, రెండోది ఉంటే తీసేయండి. స్టోరేజ్‌లో కనీసం పది జీబీ ఖాళీగా ఉండేలా చూసుకోండి. ఆ తర్వాత తెలిసిన మెకానిక్‌తో వెనక మూత తీయించి, ర్యామ్ స్లాట్ గానీ, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ గానీ ఖాళీగా ఉందేమో చూపించండి. ఉంటే మీ అదృష్టం, ఆ ల్యాప్‌టాప్ బాగుపడుతుంది. ఆ ధరలో వచ్చే చాలావాటిలో రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. అలా అయితే దానిమీద ఇంక డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీ తోడల్లుడి ఐ7 సంగతి.

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే ఏడాది క్లాసులో ర్యాంకుల్లాంటివి. ఆ ఏటి క్లాసులో ఐ7 మొదటి వరస, ఐ3 వెనక వరస. 2014 బ్యాచ్ మొదటి ర్యాంకునూ 2022 బ్యాచ్ వెనక బెంచీనీ పక్కపక్కన నిలబెట్టి ర్యాంకు చూస్తే ఏం తెలుస్తుంది? బ్యాచ్ ఏదో తెలియాలంటే ఆ తర్వాతి అంకెలు చూడాలి. 4510లో మొదటి 4 అంటే నాలుగో తరం. 1215లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం. నాలుగు వేల ఐదొందల పది, పన్నెండొందల పదిహేను అని మొత్తంగా చదివితే పాతదే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ పొరపాటు షాపుల్లో కూడా విన్నాను. చివరి "యు" అక్షరం తక్కువ కరెంటు వాడే పలచటి ల్యాప్‌టాప్ రకమని చెబుతుంది. ఐ7 అని పేరున్నా 4510యులో ఉన్నవి రెండే కోర్లు. 1215యులో ఆరు: పెద్ద పనులకు రెండు, చిల్లర పనులు చక్కబెట్టడానికి నాలుగు. ఒక్క కోర్‌తో అయ్యే పనిలో కొత్త ఐ3 రమారమి రెట్టింపు వేగం చూపిస్తుంది. కోర్లన్నీ కలిసి చేసే పనుల్లో దాదాపు నాలుగు రెట్లు. మీ తోడల్లుడు మోసం చేస్తున్నాడని కాదండి, పేరు చూసి ఆయనా నిజంగానే నమ్మి ఉంటాడు.

అయినా ఆ ఐ7ను తీసిపారేయను. మీ కొత్త సెలెరాన్ కన్నా ఆ 2014 ఐ7 ప్రాసెసర్ వేగమైనది. కొత్తది అన్న మాట ఒక్కటీ చూసి కొంటే ఇలాగే అవుతుంది. దాన్ని వెనక్కి లాగేది దాంట్లోని హార్డ్ డిస్కు. ఆ కాలం ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండేది నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు. అంటే సెకనుకు 90 చుట్లు. ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు డిస్కును చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ఆ ముల్లు పక్కకి జరగడానికి మరో పది పైచిలుకు. మొత్తం పదిహేను మిల్లీసెకన్లు అనుకుందాం. కంటిరెప్ప పాటు కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ పదిహేను మిల్లీసెకన్లలో గంట నాలుగున్నర కోట్ల సార్లు మోగుతుంది. ఒక్క ముక్క కోసం అన్ని గంటలు ఊరికే నిలబడాలి. విండోస్ లేవాలంటే అలాంటి ముక్కలు వేలకు వేలు కావాలి, ఈ డిస్కు సెకనుకు అరవై చోట్ల నుంచి తేగలదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా అయిపోతుంది.

మా ఇంట్లోనూ అదే కాలం నాటి ల్యాప్‌టాప్ ఒకటుంది. బటన్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, బ్రౌజర్ తెరిచేసరికి మూడు నిమిషాలు దాటేది. మా ఆవిడ బటన్ నొక్కి, కుక్కర్ పెట్టి వచ్చేది. ఎస్ఎస్‌డీ వేయించాక అదంతా నిమిషం లోపే అవుతోంది. ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే. కంప్యూటర్ల మీద నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదు.

మరి ఎస్ఎస్‌డీ వేసి ఆ ఐ7నే అమ్మాయికి ఇవ్వచ్చు కదా అంటారేమో. వద్దంటాను. విండోస్ 11కు ఎనిమిదో తరం నుంచే అర్హత, నాలుగో తరానికి లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే ఆ మెషిన్ ఇంకా చాలాకాలం హాయిగా నడుస్తుంది, సీ, పైథాన్ నేర్చుకోవడానికి బాగానే సరిపోతుంది కూడా. కానీ రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషిన్లు, పక్కన ఇరవై ట్యాబులు, ఆన్‌లైన్ పరీక్షలకు కాలేజీవాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ వస్తాయి. తోటిపిల్లల ప్రోగ్రాం కంపైల్ అయిపోయి, తనది ఇంకా తిరుగుతుంటే ఆ పిల్ల తనకే రావట్లేదనుకుంటుంది. నాలుగేళ్ల చదువుకు అది మంచి ఆరంభం కాదు. పైగా పదేళ్లు దాటిన బ్యాటరీ, మూత మడిచే కీలు, ఛార్జర్ ఎప్పుడు చెయ్యిస్తాయో చెప్పలేం. పన్నెండు వేలు ఆ మెషిన్‌కు ఎక్కువ ధర. ఎస్ఎస్‌డీ ఖర్చు దానికి అదనం.

కాబట్టి అమ్మాయికి ఐ3 1215యు లేదా అంతకన్నా కొత్త తరం ఐ5 తీసుకోండి. డబ్బు సర్దుబాటయ్యేది కొంతే అయితే, ప్రాసెసర్‌ను ఐ5కి పెంచడం కన్నా ఐ3తోనే ర్యామ్ 16 జీబీకి పెంచడం మేలు. 8 జీబీతో వచ్చేది కొంటుంటే, రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా అని అడిగి, బిల్లు వేయించేలోపే రూఢి చేసుకోండి. స్టోరేజ్ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉండాలి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్ చూపిస్తే, 7320యు, 7520యు లాంటి పేర్లలో మొదటి 7 చూసి మురిసిపోకండి. మూడో అంకె చూడండి. అక్కడ 2 ఉంటే లోపలున్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, కొత్త డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. 3 గానీ 4 గానీ ఉంటే నిశ్చింతగా చూడచ్చు.

కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే, మధ్యదారి ఒకటుంది. కంపెనీలు వాడి వదిలేసిన లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ లాంటి ల్యాప్‌టాపులు రీఫర్బిష్డ్‌గా, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవిగా దొరుకుతాయి. వాటిలో ఎనిమిదో తరం, ఆపైనవి మాత్రమే చూడండి. అది ఊరికే గీసిన గీత కాదు. 2016లో వచ్చిన ఏడో తరం ఐ5 7200యులో రెండు కోర్లుంటే, మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన ఎనిమిదో తరం ఐ5 8250యులో నాలుగు పెట్టారు. విండోస్ 11 అర్హతా అక్కడి నుంచే మొదలవుతుంది. వారంటీ కాగితం ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.

షాపులో చూసేటప్పుడు ఒక పని చేయండి. ఛార్జర్ తీసేసి, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి, ఒక వీడియో పెట్టి, పావుగంట వాడనివ్వమని అడగండి. కొన్ని పలచటి ల్యాప్‌టాపులు మొదటి రెండు నిమిషాలు జోరుగా పరిగెత్తి, వేడెక్కాక చతికిలబడతాయి. టెస్టుల్లో వచ్చే పెద్ద పెద్ద అంకెలు ఆ మొదటి రెండు నిమిషాలవే అయి ఉండొచ్చు. అమ్మాయిని వెంట తీసుకెళ్లి తన చేత్తోనే టైప్ చేయించండి. రేపు వాడేది తనే.

మీ తోడల్లుడికి నొచ్చుకోకుండా చెప్పాలంటే, ఐదారు వేలకు ఇస్తే షాపుకి తీసుకుంటానని చెప్పండి. ఎస్ఎస్‌డీ వేసి, లైనక్స్ పెట్టి, హాల్‌టికెట్లు తీయడానికి, మెయిల్స్ చూడటానికి వాడుకోవచ్చు. మీ ప్రింటర్ లైనక్స్‌లో పని చేస్తుందో లేదో ముందు చూసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే నష్టమేమీ లేదు.

చివరగా మీ పెంటియమ్ 4. దాన్ని అమ్మకండి, మార్చకండి. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 తర్వాత ముందుకు సాగలేదు, కొత్త విండోస్‌లో అది ఒక్కోచోట నడుస్తుంది, ఒక్కోచోట మొరాయిస్తుంది. ఇరవై ఏళ్ల మీ పని ఆ మెషిన్‌తో ముడిపడి ఉంది. కానీ దానికి నెట్ కనెక్షన్ మాత్రం ఇవ్వద్దు. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు తేదీ తప్పుగా చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు.

మీ ఉత్తరం చదువుతుంటే వేగం కన్నా నాకు ఎక్కువ భయం వేసింది ఆ హార్డ్ డిస్కు గురించే. దాని వయసు ఇరవై దాటింది. అది ఏ రోజు ఆగినా ఆశ్చర్యం లేదు. ఈ ఆదివారం షాపు మూసే ముందు మీ పీఎండీ ఫైళ్లు, పీ65 ఫైళ్లు, ఫాంట్లు, పేజ్‌మేకర్ సీడీ, అను సీడీ అన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ చేయండి. మరో కాపీ ఇంట్లో ఉంచండి. కాపీ అయ్యాక కొత్తదాంట్లో రెండు మూడు ఫైళ్లు కనీసం సైజు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. అది పూర్తయ్యాకే 7-జిప్ పరీక్ష పెట్టండి, రెండు మెషిన్ల అంకెలూ నాకు రాసి పంపండి.